ఆక్సిజన్ 419.85 చూపిస్తే ప్రోబ్ మార్చకండి, ముందు సర్వర్ కోడ్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అల్లూరు వైపు రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ కొలిచే బాక్సులు 30 పెట్టారు. ఒక్కో బాక్సులో సిమ్ ఉంది, నిమిషానికి ఒక మెసేజ్ మీ సర్వర్‌కి పంపుతుంది. బాక్సు తయారు చేసినవాళ్లు రెండు పేజీల కాగితం ఇచ్చారు. ఒక్కో మెసేజ్ 20 బైట్లు అని అందులో ఉంది. మీరు పైథాన్‌లో సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) సర్వర్ రాశారు. రిసీవ్‌లో 20 అడుగుతున్నారు, తక్కువ వస్తే ఆ ముక్కని వదిలేస్తున్నారు, 20 వస్తే వాటి స్థానాలను బట్టి విలువలు తీస్తున్నారు. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద అంతా బ్రహ్మాండంగా ఉంది. గుంట గట్టున పెట్టాక రెండు మూడు రోజులు బాగానే నడిచి, ఉన్నట్టుండి ఒక బాక్సు ఆక్సిజన్ 419.85 అని, నీటి వేడి 999.9 డిగ్రీలు అని చూపిస్తోంది. బాక్సు ఆఫ్ చేసి ఆన్ చేస్తే సర్దుకుంటోంది. ప్రోబ్ (నీటిలో ముంచే సెన్సార్) పాడైందా అన్నది మొదటి ప్రశ్న. ఈ ప్రోటోకాల్ హ్యాండ్లర్, అంటే బాక్సు పంపే మెసేజ్‌ల భాష అర్థం చేసుకునే కోడ్, సరిగ్గా ఎలా రాయాలి అన్నది రెండోది.

ప్రోబ్ పాడవలేదు. ఆ 999.9 చూసి ఎవరైనా సెన్సార్ ఎర్రర్ కోడ్ అనే అనుకుంటారు, నేనైనా మొదట అదే అనుకునేవాణ్ణి. కానీ మీరు పెట్టిన కాగితం ఎదురుగా పెట్టుకుని లెక్క వేసి చూశాను.

మెసేజ్ మొదట 78 78 అని రెండు గుర్తు బైట్లు. తర్వాత పొడవు ఒక బైటు, రకం ఒకటి, బాక్సు నంబరు నాలుగు, వరుస సంఖ్య రెండు, ఆక్సిజన్ రెండు, వేడి రెండు, బ్యాటరీ రెండు, సీఆర్‌సీ (బైట్లు చెడ్డాయేమో పట్టే లెక్క) రెండు, చివర 0డీ 0ఏ. సరిగ్గా 20. (ఎవరో జీటీ06 అనే జీపీఎస్ ట్రాకర్ ప్రోటోకాల్ చూసి రాసుకున్నట్టుంది. చీమకుర్తి గ్రానైట్ లారీల ట్రాకర్లకు సర్వర్ రాసినప్పుడు నేను రోజూ చూసిన వాటం ఇదే.) గుంటలో ఆక్సిజన్ 4.20 ఉంటే బాక్సు దాన్ని నూరుతో గుణించి 420 అని పంపుతుంది. హెక్సాలో, అంటే పదహారు గుర్తుల లెక్కలో, అది 01 ఏ4. వేడి 29.5 అయితే 295, అంటే 01 27. బ్యాటరీ 3900 మిల్లీవోల్టులైతే 0ఎఫ్ 3సీ. వరసగా పెడితే 01 ఏ4 01 27 0ఎఫ్ 3సీ.

ఇప్పుడు ఒక్క బైటు పక్కకి జరిగి చదవండి. ఆక్సిజన్ స్థానంలో ఏ4 01 దొరుకుతుంది. అది 41985, నూరుతో భాగిస్తే 419.85. వేడి స్థానంలో 27 0ఎఫ్ దొరుకుతుంది. అది 9999, పదితో భాగిస్తే 999.9. మీ రెండు అంకెలూ వచ్చేశాయి. బైట్లు తిరగేసి చదివే సమస్య, అదే ఎండియన్ గొడవ అయితే ఆక్సిజన్ అదే 419.85 వచ్చినా వేడి 998.5 రావాలి. పైగా అది మొదటి రోజు నుంచే తప్పుగా ఉంటుంది, మూడో రోజు మొదలవదు. కాబట్టి ఇది బైటు జారడమే.

ఎందుకు జారింది? టీసీపీ, అంటే బాక్సుకీ సర్వర్‌కీ మధ్య డేటా మోసే పద్ధతి, మీకు మెసేజ్‌లు ఇవ్వదు, బైట్ల ప్రవాహం ఇస్తుంది. 1981లో వచ్చిన దాని మూల పత్రంలోనూ, దాని స్థానంలో 2022లో వచ్చిన పత్రంలోనూ ఉన్న మాట ఇదే. సోమశిల దగ్గర గేటు మూడుసార్లు ఎత్తి మూడుసార్లు దించారనుకోండి. కాలవ చివరి మడిలో నిలబడ్డ రైతుకి నీళ్లు వస్తాయి, ముందు వదిలినవి ముందే వస్తాయి. ఏ నీళ్లు ఏ గేటు ఎత్తినప్పటివో మాత్రం ఆయనకు తెలియదు. బాక్సు ఒక్క సెండ్‌తో పంపిన 20 బైట్లు మీ దగ్గర 1, 19గా రావచ్చు. 7, 13గా రావచ్చు. ఐదు మెసేజ్‌లు కలిసి 100 బైట్ల ముద్దగానూ రావచ్చు. రిసీవ్‌లో మీరిచ్చే 20 అన్నది పైహద్దు, అంతకు మించి ఇవ్వద్దని చెప్పడం మాత్రమే. తక్కువ ఇవ్వద్దని దాని అర్థం కాదు.

ఇంట్లో ఎందుకు పనిచేసిందంటే, ఒకే మెషిన్ మీద, నిమిషానికి ఒకటి చొప్పున పంపితే ప్రతి సెండ్‌కి ఒక రిసీవ్ సరిపోతుంది. గుంట దగ్గర కథ వేరు. సిగ్నల్ పోతుంది, బాక్సు మెసేజ్‌లు దాచుకుంటుంది, సిగ్నల్ రాగానే అన్నీ ఒకేసారి కుమ్మరిస్తుంది. బాక్సులో ప్రోగ్రామ్ ఒక్కో బైటు చొప్పున మోడెమ్‌కి ఇస్తుంటే ఇంకో చిక్కు. 1984లో నేగుల్ అనే ఆయన పెట్టిన పద్ధతి ప్రకారం టీసీపీ మొదటి చిన్న ముక్కని వెంటనే పంపుతుంది, దానికి అవతల నుంచి జవాబు వచ్చేదాకా మిగతావి పోగేస్తుంది. అంటే మొదటి 78 ఒంటరిగా వస్తుంది. మీ కోడ్ ‘20 లేవు’ అని దాన్ని పారేస్తుంది. తర్వాత మిగతా 19, వాటి వెనకే తర్వాతి మెసేజ్ మొదటి బైటు, కలిపి 20. మీ కోడ్‌కి అది చక్కని మెసేజ్. అక్కడి నుంచి, మెసేజ్‌లు అలా ఒకదాని వెనక ఒకటి అతుక్కుని వస్తున్నంతసేపూ, ప్రతి మెసేజ్ ఒక బైటు జరిగే ఉంటుంది. ఆఫ్ చేసి ఆన్ చేస్తే సర్దుకునేది కొత్త కనెక్షన్ మొదటి నుంచి మొదలవుతుంది కాబట్టి.

అసలు తప్పు మీ కోడ్‌లో ఆ ‘తక్కువ వస్తే వదిలేయి’ అనే లైను. టీసీపీలో సగం మెసేజ్ రావడం పొరపాటు కాదు, రోజువారీ వ్యవహారం. వచ్చిన ఒక్క బైటూ పారేయకూడదు.

ఇక హ్యాండ్లర్ సంగతి. మూడు పనులు మూడు చోట్ల పెట్టండి. ముక్కలు కోయడం ఒకటి, కోసిన ముక్కకి అర్థం తీయడం ఒకటి, ఆ అర్థంతో ఏం చేయాలో చేయడం ఒకటి. చాలామంది మూడూ ఒకే వైల్ లూప్‌లో కలిపేస్తారు. తర్వాత ఏది తప్పిందో పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

కోసేవాడికి సాకెట్ అంటే ఏంటో కూడా తెలియకూడదు. వాడి దగ్గర ఒక బఫర్, అంటే వచ్చిన బైట్లు దాచుకునే జాగా, ఉంటుంది. కొన్ని బైట్లు ఇస్తారు, వాడు బఫర్ చివర కలుపుకుంటాడు, అందులో పూర్తయిన మెసేజ్‌లు ఎన్ని ఉంటే అన్ని బయటికి ఇస్తాడు. సున్నా కావచ్చు, ఆరు కావచ్చు. మిగిలిన సగం ముక్క బఫర్‌లోనే ఉంటుంది. ‘ఎన్ని ఉంటే అన్ని’ అన్నది మరిచిపోకండి. ఒకటి తీసి ఆపేస్తే మిగతా ఐదూ తర్వాతి రిసీవ్ దాకా నిద్రపోతాయి.

కోసే తీరు ఇలా. బఫర్ మొదట్లో 78 78 ఉందా? లేకపోతే ఒక బైటు వదిలి మళ్లీ చూడు. ఉంటే మూడో బైటు పొడవు చూడు. ఈ పొడవు దేన్ని లెక్కపెడుతుందో కాగితంలో తప్పక చూసుకోండి. మీ కాగితంలో రకం నుంచి సీఆర్‌సీ దాకా, అంటే 15. గుర్తు రెండు, పొడవు బైటు ఒకటి, చివరి రెండు దానికి కలిపితే 20. అన్ని బైట్లు ఇంకా రాకపోతే ఏమీ చేయకు, ఆగు. వచ్చాక చివర 0డీ 0ఏ ఉందా, సీఆర్‌సీ సరిపోయిందా చూడు. సరిపోతే ముక్క బయటికి. సరిపోకపోతే 20 బైట్లూ పారేయకు, ఒక్క బైటే వదిలి మళ్లీ వెతుకు. ఎందుకంటే మీరు మొదలనుకున్న 78 78 నిజానికి డేటా మధ్యలోది కావచ్చు, అసలు మొదలు ఆ 20 లోపలే ఉండొచ్చు.

టీసీపీకి సొంత చెక్‌సమ్ ఉండగా మళ్లీ ఈ సీఆర్‌సీ దేనికని అడుగుతారు. టీసీపీ చూసుకునేది మోడెమ్ నుంచి సర్వర్ దాకా. బాక్సులో చిప్పుకీ మోడెమ్‌కీ మధ్య ఒక సీరియల్ తీగ ఉంటుంది, ఫ్లో కంట్రోల్ (‘ఆగు, పంపు’ అని చెప్పుకునే ఏర్పాటు) కలపకపోతే అక్కడ బైట్లు రాలిపోతాయి. రాలిన బైటు గురించి టీసీపీకి తెలియదు, దానికి అందిందే అది పంపుతుంది. మీ కోడ్ సరిదిద్దాక కూడా ఎప్పుడైనా ఒక బైటు జారితే కారణం అదే అయ్యుంటుంది. ఇంకో వింత కూడా చూశాను. ఒక బాక్సు నుంచి మెసేజ్‌ల మధ్యలో 41 54 2బీ 43 53 51 0డీ అని వచ్చేది. గంటసేపు జుట్టు పీక్కున్నాక అక్షరాలుగా మార్చి చూస్తే, అది మోడెమ్‌ని సిగ్నల్ ఎంతుందని అడిగే ఏటీ కమాండు. మోడెమ్ డేటా మోడ్‌లో ఉండగా చిప్పు ఆ ప్రశ్న అడిగింది, మోడెమ్ దాన్ని కూడా డేటా అనుకుని నా సర్వర్‌కి పంపింది. పాపం, అది చెప్పినట్టే చేసింది. ఒక్కో బైటు వదులుతూ 78 78 వెతికే పద్ధతి ఉంటే ఇలాంటి చెత్త వచ్చినా తర్వాతి మెసేజ్ దగ్గర దారిలో పడతారు.

సీఆర్‌సీ-16 అన్నంత మాత్రాన ఒకటే లెక్క కాదు. ఫ్యాక్టరీ యంత్రాల ప్రోటోకాల్ మోడ్‌బస్‌ది వేరు, జీటీ06 వాడేది వేరు. అవే బైట్లకు వేర్వేరు జవాబులు వస్తాయి. మోడ్‌బస్‌లో అయితే విలువలు పెద్ద బైటు ముందు, సీఆర్‌సీ మాత్రం చిన్న బైటు ముందు. కాగితంలో ఉదాహరణ మెసేజ్ ఒకటి ఉంటుంది కదా, దాని సీఆర్‌సీ మీ ఫంక్షన్‌తో వచ్చిందాకా ముందుకు పోకండి. కాగితంలో ఉన్నదానికీ బాక్సు పంపేదానికీ తేడా వస్తే బాక్సునే నమ్మండి.

పొడవు బైట్ల విషయంలో ఒక జాగ్రత్త. మీకు పొడవు ఒక్క బైటే కాబట్టి 255 దాటదు, బతికిపోయారు. నేను సొంతంగా ఒక ప్రోటోకాల్ రాసుకున్నప్పుడు పొడవుకి నాలుగు బైట్లు పెట్టాను, హద్దు పెట్టలేదు. పోర్టు ఇంటర్నెట్‌కి తెరిచిన రోజే తెరిచిన పోర్టులు వెతికే స్కానర్ ప్రోగ్రామ్ ఏదో నాది వెబ్ సర్వర్ అనుకుని గెట్ అని పంపింది. ఆ మూడు అక్షరాలూ తర్వాతి ఖాళీ కలిపి పొడవుగా చదివితే 119 కోట్ల 57 లక్షల 25 వేల 856 బైట్లు. నా సర్వర్ అంత జాగా సిద్ధం చేసుకోబోయి చచ్చింది. పొడవు చదివిన మరుక్షణం, జాగా తీసుకోకముందే, హద్దు చూడాలి. దాటితే కనెక్షన్ మూసేయండి. అలాగే కనెక్ట్ అయిన 30 సెకన్లలో సరైన బాక్సు నంబరుతో లాగిన్ మెసేజ్ రాకపోయినా మూసేయండి. లాగిన్ కాకముందు వేరే రకం మెసేజ్ ఏదొచ్చినా పట్టించుకోనవసరం లేదు.

అర్థం తీసేవాడి పని చిన్నది. స్ట్రక్ట్ మాడ్యూల్‌తో, పెద్ద బైటు ముందు అని స్పష్టంగా చెప్పి విలువలు తీయడమే. ఇక్కడ విలువ నమ్మదగిందా కాదా అని తీర్పు చెప్పకండి, అది పై పొరది. ఉదాహరణకి, మీ బాక్సుల్లో వేడి కొలిచేది డీఎస్18బీ20 అయితే, కరెంటు వచ్చిన వెంటనే కొలవకుండా చదివితే అది 85 డిగ్రీలు అంటుంది. అది ప్రోటోకాల్ తప్పు కాదు. మెసేజ్ సరైనదే, రీడింగ్ పనికిరానిది. ఈ రెండింటినీ కలిపేస్తే రేపు లాగ్ చూసినప్పుడు మీకే గందరగోళం.

పైథాన్‌లో అసింక్‌ఐఓ (ఒకే ఈవెంట్ లూప్‌లో అన్ని కనెక్షన్లనూ వంతులవారీగా చూసుకునే లైబ్రరీ) వాడితే రీడ్‌ఎగ్జాక్ట్‌లీ అని ఒకటుంది, అడిగినన్ని బైట్లు వచ్చేదాకా ఆగుతుంది. పొడవు మాత్రమే ఉన్న శుభ్రమైన ప్రోటోకాల్‌కి అది చాలు. మీలా గుర్తు వెతుక్కోవాల్సిన చోట సొంత బఫర్ పెట్టుకోవడమే నా ఓటు. జావా అయితే నెట్టీ అనే లైబ్రరీలో ఈ కోత పని చేసే డీకోడర్లు తయారుగా ఉన్నాయి. 30 బాక్సులకి థ్రెడ్లా అసింకా అని టెన్షన్ పడకండి, ఏదైనా నడుస్తుంది.

నడవనిది ఒకటుంది, అది నా అనుభవం, కాస్త వివరంగానే చెప్తాను. విడవలూరు వైపు 40 గుంటలకి మొదటిసారి సర్వర్ పెట్టినప్పుడు అసింక్‌ఐఓతోనే రాశాను. ఆక్సిజన్ 3 కంటే తగ్గితే రైతుకి ఎస్ఎంఎస్ పోవాలి. ఆ ఎస్ఎంఎస్ పంపే లైను హ్యాండ్లర్ లోపలే పెట్టాను, అదీ ఆగి జవాబు కోసం చూసే రకం. పగలు టెస్ట్ చేస్తే రెండు సెకన్లలో మెసేజ్ వచ్చింది, సంతోషం. కానీ గుంటల్లో ఆక్సిజన్ పగలు తగ్గదు కదా. నీటిలో నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే తిరిగి పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున, పొద్దు పొడవబోయే ముందు అన్నిటికంటే తక్కువకి దిగుతుంది. అన్ని గుంటల్లోనూ దాదాపు ఒకే వేళకి. ఒక తెల్లవారుజామున నాలుగు గంటలకి పన్నెండు గుంటలు ఒకదాని వెంట ఒకటి 3 కిందికి దిగాయి. ఎస్ఎంఎస్ గేట్‌వే కూడా ఆ వేళ నత్తనడక. ఒక్కో ఎస్ఎంఎస్ కోసం సర్వర్ మొత్తం ఆగిపోయింది. అది ఆగినంతసేపూ మిగతా బాక్సులకి ‘అందింది’ అనే జవాబులు లేవు. పది సెకన్లలో జవాబు రాకపోతే బాక్సు కనెక్షన్ తెంచుకుని మళ్లీ వస్తుంది, వచ్చి పాత మెసేజ్‌లన్నీ మళ్లీ పంపుతుంది. వాటిలో తక్కువ ఆక్సిజన్ రీడింగులు మళ్లీ ఎస్ఎంఎస్‌లయ్యాయి. తెల్లారాక ఒక రైతు ఫోన్ చేసి, “సార్, అనుమానం వచ్చి నేనే లేచి ఏరేటర్లు వేసుకున్నా. మీ మెసేజ్ ఇప్పుడొచ్చింది, అదీ ఏడుసార్లు” అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత హ్యాండ్లర్ చేసేది మూడే: మెసేజ్ తీసుకోవడం, డేటాబేస్‌లో వేయించడం, జవాబు పంపడం. ఎస్ఎంఎస్, ఫోన్ కాల్, గ్రాఫులు అన్నీ వేరే ప్రాసెస్. క్యూలో పడేస్తే అది దాని తీరికలో చేసుకుంటుంది. డేటాబేస్ పని కూడా ఈవెంట్ లూప్‌ని ఆపని రకంగా ఉండాలి.

జవాబు ఎప్పుడు పంపాలన్నది కూడా ముఖ్యమే. మెసేజ్ అందగానే కాదు, డేటాబేస్‌లో కమిట్ అయ్యాక, అంటే శాశ్వతంగా రాసుకున్నాక. ఎందుకంటే జవాబు అందగానే బాక్సు తన మెమరీ నుంచి దాన్ని చెరిపేస్తుంది. మీరు ముందే జవాబిచ్చి, కమిట్ కాకముందు సర్వర్ పడిపోతే ఆ రీడింగు ఇక ఎక్కడా లేదు. దీనికి ఇంకోవైపు, కమిట్ అయ్యాక జవాబు దారిలో పోతే బాక్సు అదే మెసేజ్ మళ్లీ పంపుతుంది. కాబట్టి బాక్సు నంబరు, వరుస సంఖ్య కలిపి డేటాబేస్‌లో రెండోసారి రాకుండా అడ్డు పెట్టి, రెండోసారి వచ్చినా మామూలుగా జవాబివ్వండి. అయితే మీ వరుస సంఖ్య రెండే బైట్లు, నిమిషానికొకటి చొప్పున 45 రోజులకి సున్నాకి తిరిగొస్తుంది. బాక్సు రీస్టార్ట్ అయినా తిరిగొస్తుందేమో అడగండి. అలా అయితే ఆ జత ఒక్కటే సరిపోదు. బాక్సు కొలిచిన సమయం కూడా పంపగలిగితే మంచిది. లేకపోతే ఇటీవల వచ్చిన వాటితోనే పోల్చి చూడండి.

ఇక చచ్చిన కనెక్షన్ల సంగతి. గట్టు మీద కరెంటు పోయి బ్యాటరీ కూడా దిగిపోతే, బాక్సు మీకు వెళ్లొస్తానని చెప్పి పోదు. సర్వర్ వైపు ఆ సాకెట్ బతికున్నట్టే కనిపిస్తుంది. టీసీపీ కీప్‌అలైవ్ ఆన్ చేసినా లైనక్స్‌లో అది మొదటిసారి తట్టి చూసేది 7200 సెకన్లకి, అంటే రెండు గంటలకి. రొయ్యలకి అంత టైమ్ ఉండదు. మీ బాక్సు ఎలాగూ నిమిషానికొకటి పంపుతోంది కాబట్టి మూడు నిమిషాలు ఏమీ రాకపోతే మూసేసి, ‘బాక్సు పలకడం లేదు’ అని రైతుకి చెప్పండి. అది కూడా ఒక అలర్టే.

అదే బాక్సు మళ్లీ కనెక్ట్ అయినప్పుడు పాతది ఇంకా ఉంటే, పాతదాన్ని మూసి కొత్తదాన్ని ఉంచండి. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. బాక్సు నంబరు బట్టి కనెక్షన్ దొరికే పట్టిక ఒకటి పెట్టుకుంటారు కదా. పాత హ్యాండ్లర్ ముగుస్తూ పట్టికలో ‘నా బాక్సు’ ఎంట్రీ తీసేస్తుంది. కానీ అప్పటికే అక్కడ కొత్త కనెక్షన్ కూర్చుంది. దాన్ని తీసేసినట్టవుతుంది, బాక్సు చక్కగా పంపుతున్నా మీ స్క్రీన్ మీద ఆఫ్‌లైన్ అని ఉంటుంది. తీసేసేముందు అక్కడున్నది తనేనా అని చూసుకుని తీయాలి. ఒక్క ఇఫ్ అంతే, నాకు దొరకడానికి వారం పట్టింది.

టెస్టింగ్. కోసేవాడికి సాకెట్ తెలియకూడదన్నది ఇందుకే. పది మెసేజ్‌లు కలిపి 200 బైట్ల వరస తీసుకోండి. మొత్తం ఒకేసారి ఇవ్వండి. ఒక్కో బైటు చొప్పున 200 సార్లు ఇవ్వండి. తర్వాత ప్రతి స్థానం దగ్గరా రెండు ముక్కలుగా కోసి ఇవ్వండి. ఎలా ఇచ్చినా అవే పది మెసేజ్‌లు రావాలి. ఆపైన మధ్యలో ఒక బైటు తీసేసి చూడండి, తొమ్మిది రావాలి, వాటిలో ఒక్కటి కూడా తప్పు విలువతో ఉండకూడదు. నెట్‌వర్క్ లేకుండా, ఒక సెకనులో అయిపోయే టెస్ట్ ఇది. మీ ఇప్పటి కోడ్‌ని ఒక్కో బైటు పద్ధతిలో పరీక్షిస్తే ఒక్క మెసేజ్ కూడా రాదు.

బాక్సు మీరే తయారు చేయించుకునే పనైతే, ఇదంతా రాసుకోకుండా ఎంక్యూటీటీ అనే తయారుగా ఉన్న ప్రోటోకాల్ వాడమనేవాణ్ణి. అది 1999లో చమురు పైపులైన్ల మీద సెన్సార్లని శాటిలైట్ లింకుతో చూసుకోవడానికి పుట్టింది, మన గుంట గట్టు అవసరానికి దగ్గరి చుట్టమే. కొనుక్కొచ్చిన బాక్సు కాబట్టి దాని భాషే మనం నేర్చుకోవాలి.

ఈలోపు ఒక పని చేయండి. రిసీవ్ ఇచ్చిన ప్రతి ముక్కనీ, దేన్నీ ముట్టుకోకముందు, సమయంతో సహా హెక్సాలో ఫైల్‌లో రాసుకోండి. ఈసారి 999.9 కనిపించినప్పుడు బాక్సు వెంటనే ఆఫ్ చేయకండి, చేస్తే సాక్ష్యం పోతుంది. ఆ ఫైల్ తెరిచి చూడండి. 20 బైట్ల ముక్క 78 0ఎఫ్ అని మొదలై, చివర 0డీ 0ఏ తర్వాత ఇంకో 78 వేలాడుతూ ఉంటే, ప్రోబ్ కొనడం ఆపేసి ఆ ‘వదిలేయి’ లైను తీసేయండి.